గీత మీద బంతి

చివరి విజిల్ మోగి పావుగంటైనా కత్తెరక్క కుర్చీలోంచి లేవలేదు. లేస్తే నడవాలి, నడిస్తే ఇల్లొస్తుంది, ఇల్లొస్తే నాన్న అడుగుతాడు. అందుకని కూర్చునే ఉంది. చుట్టూ జనం ఇంకా గెంతుతున్నారు. ఆమె మఫ్లర్ ఎవరి మెడలోకో పోయింది, ఎవరి మఫ్లరో ఆమె మెడలోకి వచ్చింది. రెండూ ఇటుకరంగువే, కాకపోతే దీనికి తెలియని మనిషి సబ్బు వాసన. పక్క సీటు కండక్టర్ బాబాయి, పద్దెనిమిదేళ్ళుగా పక్కన కూర్చుని ఒక్కసారైనా నవ్వని మనిషి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే మధ్యమధ్య ఆమె భుజం తడుముతున్నాడు, గోలు ఆమే కొట్టినట్టు. ఒకటి సున్నా. ఎనభై ఎనిమిదో నిమిషం. ఏడు మ్యాచులుగా గెలుపు ముఖం చూడని జట్టు ఇవాళ సొంత గడ్డ మీద గెలిచింది. పట్టికలో అట్టడుగున ఉన్న రెండు జట్లూ సీజన్ చివర కింది డివిజన్‌కి దిగిపోతాయి, ఆ రెంటిలోంచి ఇవాళ మన జట్టు ఒక మెట్టు పైకొచ్చింది. సాయంత్రపు ఎండ ఎదుటి స్టాండు మీద వాలి, అక్కడి ఖాళీ కుర్చీలన్నీ తేనె పూసినట్టు మెరుస్తున్నాయి. కేకలు నీళ్ళలోంచి విన్నట్టు మెత్తగా, ఆలస్యంగా వస్తున్నాయి ఆమె చెవికి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనేది అమ్మ. ఇవాళ ఆ ఉలిపికట్టె తనే. ఇన్నివేల మందిలో ఆ బంతి గీత దాటలేదని చూసింది తనొక్కతే.

ఆమె తప్పు కాదు, సీటు తప్పు. ఆ సీటు నాన్నది. ముప్ఫై నాలుగేళ్ళు ఈ మైదానంలో తెల్ల గీతలు గీసినవాడు ఆయన. గడ్డి కోసేవాళ్ళు వేరు, నీళ్ళు పెట్టేవాళ్ళు వేరు. గీతలు మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేదు, అందుకే అందరికీ గీతల మేస్త్రీ. రిటైరైన రోజున క్లబ్బువాళ్ళు దండ వేసి, ఏ సీటు కావాలో కోరుకో మేస్త్రీ, బతికున్నంత కాలం నీదే, పక్కన ఇంకొకటి మీ ఆవిడకి అన్నారు. ఎవరైనా నడిమధ్య సీటు అడుగుతారు. ఈయన పట్టుకున్న కుందేటికి మూడే కాళ్ళు కదా, మూలన, మూడో వరసలో, సగం మైదానానికి స్తంభం అడ్డమొచ్చే సీటు అడిగాడు. ఎందుకంటే అక్కడ కూర్చుంటే గోలు గీత కొస సూటిగా కాళ్ళ దగ్గరికి వచ్చినట్టుంటుంది. అమ్మ వచ్చి కూర్చున్న మొదటిరోజే, ఇక్కణ్ణుంచి ఏం కనపడుతుంది నా మొహం అంది. గీత కనపడుతుంది అన్నాడు. అమ్మ అల్లిక తెచ్చుకుని కూర్చునేది, గోలు పడితే తలెత్తేది, మళ్ళీ అల్లుకునేది. అమ్మ పోయాక ఆ రెండో సీటు కత్తెరక్కది. ఈ చలికాలం నుంచి మెట్లెక్కితే నాన్నకి ఊపిరాడటం లేదు, కాబట్టి ఇప్పుడు రెండు సీట్లూ ఆమెవే. ఒక దాంట్లో కూర్చుంటుంది, ఒక దాంట్లో సంచీ పెడుతుంది. సంచీ పెట్టేది తన సీట్లో, కూర్చునేది నాన్న సీట్లో.

ఇక కన్ను సంగతి. యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా బట్ట కత్తిరించడం ఆమె పని. యాభై పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి, సుద్దతో గీత గీసి, ఆ గీత మీద కత్తి నడపాలి. నూలుపోగంత పక్కకి పోతే యాభై చొక్కాల భుజాలు వంకర. అలాంటి కంటికి బంతి ఎంత? మూల నుంచి కార్నర్ వచ్చింది, మనవాడు తల ఆనించాడు, బంతి పైకడ్డీ కింది అంచుకి తగిలి నిట్టనిలువునా కిందపడింది, నేలని తాకింది, లేచింది, ఎదుటి గోల్‌కీపర్ ఎడంచేత్తో బయటికి లాగేశాడు. అంతా కలిపి కళ్ళు ఆర్పినంతసేపు. ఈ సీట్లోంచి లెక్క చాలా సులువు, నాన్న ఆమెకి అక్షరాల కన్నా ముందు నేర్పిన లెక్క: బంతికీ గీతకీ మధ్య పచ్చిక కనపడాలి. కనపడితే గోలు, కనపడకపోతే కాదు. గీత మీదున్న బంతి ఇంకా ఆటలో ఉన్నట్టే, అంచు ఆనుకుని ఉన్నా సరే. ఆమెకి పచ్చిక కనపడలేదు. చిటికెన వేలంత బంతి ఇంకా గీత మీదే ఉంది. జనం గోల్ అని అరిచారు. రిఫరీ చెయ్యెత్తలేదు. అరుపు సగంలో తెగిపోయింది. రెండు ఊపిరుల పాటు స్టేడియం మొత్తం ఖాళీ గదిలా అయిపోయింది, జెండా తాడు స్తంభానికి కొట్టుకునే టకటక కూడా వినపడింది. లైన్స్‌మన్ మూడడుగులు వెనకబడ్డాడు, వాడికి కనపడే వీలే లేదు. అయినా జెండా దించి మధ్యగీత వైపు పరిగెత్తాడు, అంటే గోలే. అప్పుడు పడింది రెండో కేక. ఆ కేకకి ఆమె కూడా లేచింది, ఆమె గొంతూ అరిచింది, గొంతుకి కళ్ళతో సంప్రదించే అలవాటు లేదు కదా.

"మేస్త్రీతో చెప్పమ్మా," అన్నాడు కండక్టర్ బాబాయి ఎట్టకేలకి లేచి, ముక్కు తుడుచుకుంటూ. "ఆయన గీసిన గీత మీదే గెలిచాం అని చెప్పు. ఆయన లేకపోయినా గీత ఉందిగా."

"చెప్తా బాబాయ్," అంది.

చెప్పాలి. చెప్పాల్సింది అదొక్కటే అయితే ఎగురుకుంటూ పోయేది. వంటింట్లో చక్కెర డబ్బా కింద మడతపెట్టిన కాగితం ఒకటుంది. నాన్న గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదట, ఆపరేషన్ చేసి కొత్తది పెట్టాలట. సోమవారం పొద్దున్నకి సంతకంతో కాగితం ఇస్తే గురువారం ఆపరేషన్, లేకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది, మళ్ళీ తేదీ దొరకడానికి నాలుగు నెలలు. నాలుగు నెలలు ఆగొచ్చా అంటే డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నాన్న మూడు వారాలుగా ఆ కాగితం ముట్టుకోలేదు. గుండె తెరిచి చూసుకునేంత ముచ్చట నాకు లేదమ్మా అన్నాడు మొదట. డెబ్భై ఆరేళ్ళ తలుపు, కిర్రుమనదా మరి అన్నాడు తర్వాత. బతిమాలింది, కోప్పడింది, రెండ్రోజులు మాట్లాడటం మానేసింది, అన్నీ గోడకి చెప్పుకున్నట్టే. చివరికి నిన్న రాత్రి పేపర్లో పట్టిక పరుచుకుని, స్కేలు పెట్టి చివరి రెండు జట్లకి పైన పెన్సిల్ గీత గీస్తూ, ప్రతి శుక్రవారం చేసే పనే అది, తలెత్తకుండా అన్నాడు: "రేపు మనవాళ్ళు గెలిస్తే సంతకం పెడతా. ఓడినా, సమానమైనా ఇక ఆ మాటెత్తకు." ఆమెకి తెలుసు అదేమిటో. ఏడు మ్యాచులు గెలవని జట్టు మీద పందెం కాయడమంటే కాదని చెప్పడమే, కాస్త మర్యాదగా. అయినా సరే అంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే అది పచ్చిదా ఎండుదా అని చూసుకుంటాడా?

మెట్లు దిగుతుంటే ఎవరి కాళ్ళతో దిగుతోందో తెలియలేదు, జనమే దింపారు. స్టాండు కింద సొరంగంలాంటి దారి, తడి సిమెంటు వాసన, కుళాయిల దగ్గర తలలు తడుపుకునే మనుషులు, గోడకి జారబడి ఫోనులో ఎవరికో ఏమీ చెప్పలేక ఊరికే నవ్వుతున్న ఒక పెద్దావిడ. చిన్నప్పుడు ఈ దారి ఇంత ఇరుకుగా లేదు, పిలిస్తే పేరు నాలుగుసార్లు తిరిగొచ్చేది. ఈ పక్క గదిలోనే సున్నం బస్తాలుండేవి. సున్నం నీళ్ళు కలిపే పెద్ద డ్రమ్ము, కర్ర, వడకట్టే పాత చీర ముక్క, చక్రాల బండి. నాన్న ముంజేతుల మీద వెంట్రుకలకి ఎప్పుడూ తెల్లటి పొడి. ఇంటికొస్తే అమ్మ గుమ్మంలోనే చొక్కా విప్పించేది. ఆ గదికి ఇప్పుడు ఇనుప తలుపు పెట్టి తాళం వేశారు, రంగు డబ్బాలొచ్చాయి, యంత్రమొచ్చింది, యంత్రం వాడే కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకుని గీస్తాడు. గీతలు బాగానే గీస్తాడు, ఆ మాట నాన్న దగ్గర అనకూడదు. ఇనుప తలుపు మీద అరచెయ్యి ఆనించింది దాటుతూ. చల్లగా ఉంది. వెనకనుంచి జనం మెల్లిగా తోశారు.

బయట అప్పుడే బంతి పెరగడం మొదలైంది. గేటు దగ్గర ఒకడు, బెత్తెడు దాటింది నేను చూశా అన్నాడు. బెత్తెడేంటి జానెడు అన్నాడు రెండోవాడు. వేరుసెనక్కాయల బండి దగ్గరికొచ్చేసరికి మూరెడైంది. ఇలాగే పోతే వంతెన ఎక్కేసరికి బంతి వలలో పడి, వల చిరిగి, వెనక గోడకి తగులుతుంది. ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకాలే ఏడుపొచ్చింది, రెండూ గొంతులో ఒకదానికొకటి దారివ్వక నిలబడిపోయాయి. అంతమంది చూశామంటున్నారే, తన కన్నే పొరపడిందేమో. నలభై ఏడేళ్ళొచ్చాయి, గత నెలే దారం ఎక్కించడానికి సూది దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. బెత్తెడు కాదు, జానెడు కాదు, కనీసం గోరంత పచ్చిక ఉండే ఉంటుంది, చూసుకోలేదేమో. కళ్ళు మూసుకుని మళ్ళీ చూసింది. బంతి పడింది. తెల్ల గీత. బంతి అంచు. పచ్చిక లేదు. మళ్ళీ చూసింది. లేదు. ఎన్నిసార్లు పరిచి చూసినా బట్ట అంతే ఉంది.

"కత్తెరా! ఏయ్ కత్తెరా! చూశావా, బారెడు లోపలికి పోయింది!"

టైర్ల కొట్టు ముందు స్టూలు మీద నిలబడి రెండు చేతులూ చాపి చూపిస్తున్నాడు పిల్లి. బట్టతల మీద ఎండ పడి తళతళమంటోంది, పొట్ట చొక్కా గుండీలతో గొడవపడుతోంది. చూశా చూశా అని చెయ్యూపి ముందుకి నడిచింది. ఈ మనిషే, నమ్మరుగానీ, ఒకప్పుడు మన గోల్‌కీపరు. గాల్లోకి లేచి పక్కకి వాలిపోయే తీరు చూసి జనం పిల్లి అని పేరు పెట్టారు. ఇరవై రెండేళ్ళవాడు, మెడ మీదికి జుట్టు. ఆమెకి పదిహేడు. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. వద్దనుకుంటే ఆగుతుందా, వంతెన మెట్ల మొదట్లోనే ఆ పొద్దుటిపూట మొత్తం వచ్చి ఆమె పక్కన నడవడం మొదలుపెట్టింది. అదీ ఇలాంటి సీజన్ చివరే, గెలిస్తే ఉంటాం లేకపోతే దిగిపోతాం అన్న రోజే. నాన్న సహాయకుడికి జ్వరం. తాడు కట్టే మేకు విరిగింది. తాడుకి ఆ చివర పట్టుకోవడానికి మనిషి కావాలి, కాలేజీకి సెలవు, రామ్మా కాసేపు అన్నాడు. ఒక గోలు కంబం దగ్గర తాడు కట్టి, రెండో కంబం దగ్గర ఆమె చేతికిచ్చాడు. "ఆ చివర గట్టిగా పట్టుకో. వదలకు. నేను చెప్పేదాకా కదలకు." మైదానం మీదనుంచి వల వైపుకి గాలి. సున్నం బండి చక్రం కిచకిచమంటూ వస్తోంది. అవతల పిల్లి ఒళ్ళు విరుచుకుంటున్నాడు, ఒంటికాలి మీద నిలబడి రెండోకాలు వెనక్కి మడిచి, సూర్యుడు వాడి చెవి వెనకనుంచి వస్తున్నాడు. అలా చూసింది. ఎంతసేపు చూసిందో, ఒక వేలెడు తాడు చేతిలోంచి జారింది. గాలి దాన్ని వల వైపుకి నొక్కింది. మళ్ళీ బిగించేసరికి చక్రం మధ్య దాటిపోయింది.

చెప్పలేదు. వెంటనే చెప్పుంటే తుడిచి మళ్ళీ గీసేవాడు, పది నిమిషాల పని. ఎందుకు జారిందమ్మా అని అడిగితే ఏం చెప్పాలి, పదిహేడేళ్ళ పిల్ల వాళ్ళ నాన్నకి? గీత చూస్తే సూటిగానే ఉన్నట్టుంది. మధ్యాహ్నం ఒక జల్లు పడింది, గోలు ముందంతా చిత్తడి. ఆట చివర మనవాడు కొట్టిన బంతి గోల్‌కీపర్ని దాటేసి, బురదలో ఈడ్చుకుంటూ వెళ్ళి వెళ్ళి, గీత మీద కూరుకుపోయి ఆగింది. సరిగ్గా ఆ వేలెడు వంగిన చోట. రిఫరీ పరిగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు, అంచు తెల్లటి దాన్ని ఒరుసుకుని ఉంది. గోలు కాదన్నాడు. గీత సూటిగా ఉండుంటే ఆ బంతి దాటిన బంతే. సమానమైంది ఆట, దిగిపోయాం, తిరిగి పైకి రావడానికి ఆరేళ్ళు పట్టింది. పిల్లి ఉద్యోగం పోయింది, చాలామందిది పోయింది. ఆ సాయంత్రం జనమంతా పోయాక నాన్న ఒక్కడే కంబం నుంచి కంబానికి తాడు కట్టి, పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఆమె స్తంభం చాటునుంచి ఆయన్ని చూసింది. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ అమ్మతో అన్నాడు: "తాడు తడిసి సాగింది. నాదే తప్పు, చూసుకోవాల్సింది." అంతే. ఇంకెప్పుడూ ఆ మాటెత్తలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె కూడా ఎత్తలేదు. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో సుద్ద గీత గీస్తుంటే చెయ్యి వణికేది, ఏంటమ్మాయ్ చలా అనేది సూపర్‌వైజరు. చలి కాదు. పంటి కింద రాయిని ఉమ్మెయ్యడం చేతకాక, నమలడం చేతకాక, బుగ్గన పెట్టుకుని బతుకుతోంది ఇన్నేళ్ళుగా.

వంతెన మీద ఎవరో పాట అందుకున్నారు. కింద రైలు పట్టాలు ఎండకి ఎర్రగా సాగి ఎక్కడికో పోతున్నాయి. ఇల్లు అదిగో, పట్టాలకి అటుపక్క రెండో వీధి, స్టేడియం నుంచి కాకికి రెండు నిమిషాలు, మనిషికి చుట్టూ తిరిగి వంతెనెక్కి అరగంట. జనం చాలా మెల్లిగా నడుస్తున్నారు, ఎవరికీ ఇంటికి పోవాలని లేదు. భుజాల మీద పిల్లలు నిద్రపోతున్నారు. పాటకి మాటలు తెలియనివాళ్ళు కూడా నోరు కదుపుతున్నారు. మధ్యలో నడుస్తుంటే ఆమెకి తేలుతున్నట్టుంది, అమ్మ అల్లిక సూదుల చప్పుడు ఎక్కడో దగ్గర్లోనే వినిపిస్తున్నట్టుంది, గోలుకి తలెత్తి దాటిందా అని అడిగి మళ్ళీ తలదించుకుంటున్నట్టుంది. నాన్న ఆ కిటికీ దగ్గరుంటాడు. రేడియో పెట్టుకోడు, పెట్టుకున్నా ఈ డివిజన్ ఆటలు చెప్పేదెవరు. ఫోను ముట్టుకోడు. పట్టాల మీదుగా వచ్చే కేకల్ని వింటాడంతే. మన గోలు కేక వేరు, వాళ్ళ గోలు కేక వేరు, పోయిన పెనాల్టీకి వచ్చే మూలుగు వేరు. గెలిచామని ఆయనకి ఈపాటికి తెలుసు. కానీ కేక రెండు ముక్కలైందని కూడా తెలుసు. ఎందుకైందో ఆయనకి కాక ఎవరికి తెలుస్తుంది? కాబట్టి అడుగుతాడు. దాటలేదంటే గెలవలేదంటాడు, గెలవనిదానికి సంతకం ఎందుకంటాడు, కాగితం మళ్ళీ చక్కెర డబ్బా కిందికి పోతుంది. దాటిందంటే చాలు. ఒక్క మాట. ఊరంతా బారెడు దాటిందంటుంటే తను వేలెడు అబద్ధం ఆడలేదా? దాటింది నాన్నా అని మెల్లిగా అనుకుంది, పాటలో కలిసిపోయింది. దాటింది నాన్నా, మొత్తం దాటింది. పచ్చిక కనపడింది. ఇంకోసారి. పచ్చిక కనపడింది నాన్నా. పక్కన నడిచేవాడు పాటలో ఇదేం చరణమా అన్నట్టు చూశాడు. నాన్న పోతే అన్న ఆలోచన అప్పుడొచ్చింది, వంతెన దిగే చోట, నాన్న పోతే ఆ రెండు సీట్లలో ఎక్కడ కూర్చోవాలో తనకి తెలియదు. కాళ్ళు వేగం పెంచాయి.

తలుపు వారగా వేసి ఉంది. చెప్పులు విప్పింది. నాన్న కిటికీ పక్కనే, దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని, ఒళ్ళో పేపరు, చేతిలో పెన్సిలు, స్కేలు. నిన్నటి గీత చెరిపేశాడు. కొత్త గీత ఒక మెట్టు కిందికి, మన జట్టు పేరు అడుగునుంచి మొదలుపెట్టి, సగందాకా గీసి ఆపాడు.

"కేక రెండు ముక్కలైంది," అన్నాడు.

"ఊఁ."

"దాటిందా?"

"దాటింది నాన్నా."

"మొత్తం?"

"మొత్తం. పచ్చిక కనపడింది."

నాన్న ఆమె ముఖంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. ఆమె పరిగెత్తి నీళ్ళు తెచ్చింది. రెండు గుక్కలు తాగి, గ్లాసు తిరిగిచ్చి, ఊపిరి కూడదీసుకుని అన్నాడు:

"నీకు అబద్ధమాడ్డం కూడా తాడు పట్టుకున్నంత బాగానే వచ్చమ్మా."

గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది. కిటికీలోంచి పాట వస్తోంది, వంతెన దిగిన జనం వీధి మొదట్లోకి వచ్చినట్టున్నారు. ముప్ఫై ఏళ్ళు. ఇదే ఇల్లు, ఇదే కిటికీ, పొద్దునా సాయంత్రం ఎదురెదురుగా కూర్చుని ముప్ఫై ఏళ్ళు.

"తాడు తడిసి సాగిందన్నావుగా," అంది. గొంతు పదిహేడేళ్ళ పిల్లదిలా వచ్చింది.

"వాన పడింది మధ్యాహ్నం. మనం గీసింది పొద్దున. పొడి తాడు ఎలా సాగుతుందే పిచ్చిదానా? మీ అమ్మైనా అడుగుతుందేమో అనుకున్నా. ఆవిడా అడగలేదు."

"మరి నన్నెందుకు ఏమీ అనలేదు?"

"అంటే ఏమవుతుంది, గీత సూటిగా అవుతుందా?" కాసేపు పెన్సిలు వేళ్ళ మధ్య దొర్లించాడు. "ఎంత మిగిలింది ఇవాళ?"

ఆమె చిటికెన వేలు చూపించింది. నాన్న ఆ వేలిని పట్టుకుని, దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు పైకి జరిపి పరీక్షగా చూశాడు.

"ఆ రోజూ ఇంతే. కొలిచాను."

"అయితే గెలవలేదంటావు," అంది ఆమె. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు, ఇక దాచడానికి ఏం మిగిలింది? "సంతకం పెట్టనంటావు. అను. కానీ నేను ఒప్పుకోను నాన్నా, ముందే చెప్తున్నా. గీత మీదున్నవాణ్ణి అవతలికి పోయాడని నేను రాసుకోను."

నాన్న పేపరు మీదికి వంగి స్కేలు సర్దుకుని, సగంలో ఆగిన గీతని నెమ్మదిగా చివరిదాకా లాగాడు. మన జట్టు గీతకి పైన పడింది.

"రిఫరీ ఏమన్నాడు?"

"గోలన్నాడు."

"ఆ రోజు కాదన్నాడు, విన్నాం. ఇవాళ అవునన్నాడు, వినొద్దూ?" పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి, ఆమెకి కాదన్నట్టు, మెల్లిగా అన్నాడు. "గెలవరనే కాశానమ్మా పందెం. భయమేసి. ఇప్పటికీ భయంగానే ఉంది. వెళ్ళు, ఆ కాగితం పట్రా."

చక్కెర డబ్బా కింద మడతల్లో రెండు చీమలున్నాయి, దులిపి తెచ్చింది. కింద పెట్టుకోవడానికి అట్టా లేదు, బల్ల దగ్గరికి లేచి రాలేడు, ఒళ్ళో పేపరు మెత్తగా కుంగిపోతోంది. పెన్ను ఆనించగానే కాగితం జారింది. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ జారింది. గీతలు గీసిన చెయ్యి.

"ఆ చివర పట్టుకో," అన్నాడు. "గట్టిగా."

ఆమె నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులా కాగితం కొస పట్టుకుని తనవైపుకి బిగించింది. బయట జనం కిటికీ ముందునుంచి పోతున్నారు, ఎవరో మేస్త్రీ అని కేకేశారు, ఇంకెవరో బారెడు అన్నారు. ఆమె తల తిప్పలేదు. నాన్న పేరు పొడుగు, ఇంటిపేరుతో సహా రాస్తే తప్ప ఆయనకి సంతకమనిపించదు. చుక్కల గీత మీద ఒక్కొక్క అక్షరం ఆగి, ఊపిరి తీసుకుని, పక్కకి జరుగుతోంది. కిందికి జారబోయి మళ్ళీ గీత మీదికొచ్చింది. చివరి అక్షరం అయింది. చుక్క పెట్టాడు.

"ఇక వదులమ్మా," అన్నాడు నాన్న. "అయిపోయింది."

ఆమె వదల్లేదు.